ఏడో రకం పులిపిరి

డాక్టర్ ఏసయ్య ప్రాణం పోయేముందు ఆఖరుసారి చూసింది ఒక దొంగ పులిపిరిని.

మధ్యాహ్నం భోజనాల వేళ నంద్యాలలోని ఆయన చర్మవ్యాధుల క్లినిక్‌కి ఒక పేషెంటు వచ్చాడు. తలకి తువ్వాలు, మూతికి మాస్కు. కుర్చీలో కూర్చుని బొటనవేలు చాపాడు. డాక్టరు లెన్సు దగ్గరపెట్టి, బ్లేడుతో పులిపిరి పైపొర కొంచెం గీకారు. నిజం పులిపిరైతే లోపల నల్లటి చుక్కలు కనిపిస్తాయి, నెత్తురు చెమ్మ ఊరుతుంది. ఇది మాత్రం గీకగానే మొత్తానికి మొత్తం ఊడి ట్రేలో పడింది. రబ్బరు ముక్క. ఆయన తలెత్తి "ఏందప్పా ఇది?" అని అడిగేలోపే సైలెన్సర్ తగిలించిన పిస్తోలు రెండుసార్లు పేలింది. ఒకటి గొంతులో, ఒకటి కంట్లో. చప్పుడేమిటా అని పక్కగదిలోంచి తొంగిచూసిన కాంపౌండర్‌కి మూడో గుండు తగిలింది. హంతకుడు తాపీగా ఫ్రీజర్ తెరిచి, నెత్తురు ట్యూబులన్నీ ఐస్‌పెట్టెలో సర్దుకుని, డాక్టరు నెత్తురు బూటుకి అంటకుండా ఓరగా నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు హైదరాబాదులో ఒక పాత ప్రభుత్వ భవనం. తలుపు మీద ‘పశుగ్రాస అభివృద్ధి విభాగం’ అని బోర్డు ఉంది. ఆ బోర్డు చూసి ఇంతవరకూ ఒక్క రైతు కూడా లోపలికి రాలేదు కాబట్టి రహస్య సంస్థకి అంతకంటే మంచి ముసుగు దొరకదు. అసలు లోపలున్నది బయో డెస్క్. జబ్బుల పేరుతో, మందుల పేరుతో సాగే విదేశీ గూఢచర్యాన్ని తుంచడం దాని పని. చీఫ్ రామయ్య ఎదురుగా ఏజెంట్ ఫ్రాన్సిస్ కూర్చున్నాడు. నంద్యాల పక్కనున్న గోస్పాడు మనిషి. ఉత్త చేతులతో ముగ్గుర్ని పడగొట్టగలడు. అతని కుడిచేతి చూపుడువేలి మీద రెండేళ్లుగా తిష్టవేసుకున్న పులిపిరిని మాత్రం ఏ మందూ పడగొట్టలేకపోయింది.

"ట్రిగ్గర్ నొక్కే వేలు. అడ్డం రాదా?" అన్నాడు రామయ్య.

"అలవాటైపోయింది సార్."

"ఈ కేసుకి అదే నీ క్వాలిఫికేషన్."

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి. అది చర్మం పైపొరలోనే నక్కుతుంది, నెత్తుట్లోకి దిగదు. అందుకని ఒంట్లో ఉన్న కాపలాదళానికి దొంగ దూరిన సంగతే సరిగ్గా తెలియదు. చాలామంది పేషెంట్లలో యాంటీబాడీలు అంతంతమాత్రంగా తయారవుతాయి. ఎవరిలో ఎంత తయారవుతున్నాయో చూద్దామని డాక్టర్ ఏసయ్య నంద్యాల చుట్టుపక్కల పులిపిర్లవాళ్ల దగ్గర నెత్తురు తీసి పరీక్షలు చేస్తూ వచ్చారు. ఒక ట్యూబు దగ్గర ఆయన మెషీన్ చెడిపోయిందనుకున్నారు. మళ్లీ చేశారు, పెద్ద ల్యాబుకి పంపి చేయించారు. ఫలితం మారలేదు. ఆ నెత్తుట్లోని యాంటీబాడీ ఒక్క రకాన్ని కాదు, ఆ వైరస్ కుటుంబంలో ప్రతి రకాన్నీ పట్టుకుంటోంది. ఆడవాళ్లకి గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ పుట్టించే రకాలతో సహా.

ఆ మాట దగ్గర ఫ్రాన్సిస్ తల దించుకున్నాడు. అతని తల్లి మణెమ్మ ఆ క్యాన్సర్‌తోనే పోయింది. చివర్లో ఆమె దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ముద్ద దిగదు. రామయ్యకి ఆ సంగతి తెలుసు, తెలిసే పిలిపించాడు.

డాక్టర్ని చంపింది ఆర్కిడ్ ముఠా అన్నాడు చీఫ్. మందుల రహస్యాలు దొంగిలించి విదేశాల్లో అమ్ముకునే గుంపు. నాయకుడు బ్రాండ్ట్, ఒకప్పటి సర్జన్, ఇప్పుడు కసాయి. ట్యూబు చేతికి చిక్కాక ఇంకేం కావాలి వాళ్లకి అని అడిగాడు ఫ్రాన్సిస్.

"ట్యూబులో ఉన్నది యాంటీబాడీ మాత్రమే. దాన్ని తయారుచేసే కణాలు మనిషి ప్లీహంలో, ఎముకల మూలుగలో ఉంటాయి. వాళ్లకి మనిషి కావాలి. కోసుకోవలసింది కోసుకున్నాక ఆ మనిషి చావాలి. బతికుంటే మనమూ ఆ నెత్తురు తీసుకుంటాం, మందు చేసి ఊరికే పంచుతాం. ఇక వాళ్ల సరుకు ఎవడు కొంటాడు?"

"ఎవరా మనిషి?"

"ఏసయ్య ఒక్కడికే తెలుసు. ట్యూబు మీద నంబరుంది, పేరు లేదు. వాళ్లకీ తెలీదు, మనకీ తెలీదు. ఆధారం ఒక్కటే. ఆ మనిషికి వచ్చింది ఏడో రకం పులిపిరి. పచ్చిమాంసం కోసేవాళ్ల చేతులకి వచ్చేది."

సాయంత్రానికి ఫ్రాన్సిస్ నంద్యాల బస్టాండులో దిగాడు. ప్యాపిలి నుంచి వచ్చిన మేకల వ్యాపారి వేషం. గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు, మాసిన గడ్డం. లుంగీ మడతలో పిస్తోలు, వాచీలో ట్రాన్స్‌మీటర్, బెల్టులో సన్నటి ఉక్కు తీగ. టీ అంగడి దగ్గర నల్ల కళ్లద్దాల అమ్మాయి ఒకామె కప్పు తిప్పుతూ నిలబడి ఉంది. ఆ బస్టాండులో అంత ఇస్త్రీ చీర మరొకటి లేదు.

"కుందూ ఏట్లో నీళ్లున్నాయంటారా?" అన్నాడు ఫ్రాన్సిస్.

"చెప్పులు విప్పేంత లేవు," అందామె.

కోడ్ కుదిరింది. ఆమె డాక్టర్ లావణ్య. ఏసయ్య దగ్గర అసిస్టెంటుగా చేస్తూ డెస్క్‌కి రహస్యంగా సమాచారం పంపే మనిషి. డాక్టరు పేరెత్తగానే ఆమె కళ్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకుంది. మన ఏజెంటు ట్రైనింగులో విషం రుచి చూసి చెప్పడం నేర్చుకున్నాడు గానీ, కాటుక చెదరకుండా కారే కన్నీళ్ల సంగతి ఎవరూ నేర్పలేదు.

మనిషిని వెతకడానికి డెస్క్ ఇచ్చిన యంత్రాలేవీ పనికిరాలేదు. పనికొచ్చింది అతని వేలు. నంద్యాలలో ఎవరికైనా ఒక పులిపిరి చూపిస్తే చాలు, ముక్కూమొహం తెలియకపోయినా నిలబెట్టి వైద్యం చెప్తారు. మర్నాడు పొద్దున్నుంచి ఫ్రాన్సిస్ మాంసం అంగళ్ల వెంట తిరుగుతూ వేలు చాపాడు. సున్నం, సోడా కలిపి పెట్టమన్నారు ఒకరు. జిల్లేడుపాలు అన్నారు ఇంకొకరు. అక్కడ కూరంటే మాంసమే. అది కొనడానికి వచ్చిన హన్నమ్మ అనే ముసలామె గుర్రం తోక వెంట్రుక తెచ్చి బిగించి కట్టమంది, గుర్రం ఎవరి దగ్గర ఉందో కూడా చెప్పింది. చివరికి ఇమ్రాన్ అనే కుర్ర కసాయి ఆ వేలు చూసి నవ్వాడు.

"అవన్నీ యాలన్నా? ఆళ్లగడ్డలో మాబు సాహెబ్ కాడికి పో. ఆయప్పకి రెండు చేతుల నిండా ఉండె. ఒక నెల్లో అన్నీ రాలిపోయినాయి. ఏం చేసినాడో ఆయప్పనే అడుగు."

ఫ్రాన్సిస్‌కి ఆచూకీ దొరికింది. సంబరంలో అతను చేసిన మొదటి తప్పు, ఆ పేరు లావణ్యకి చెప్పడం.

ఆమె కారులోనే శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరారు. మాబు సాహెబ్ యాభై దాటిన మనిషి. బక్కగా, పొడుగ్గా, తెల్ల గడ్డంతో ఉన్నాడు. చేతులు చిన్నపిల్లాడి చేతుల్లా నున్నగా ఉన్నాయి. భార్య హమీదా అందరికీ టీ ఇచ్చి గడప దగ్గర కూర్చుంది. ఫ్రాన్సిస్ వేషం తీసి పక్కనపెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. డాక్టరు చచ్చిపోయాడని వినగానే మాబు సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. దేవుడిలాంటి మనిషి అన్నాడు. ఇప్పటికిప్పుడు బయలుదేరాలని ఫ్రాన్సిస్ అంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"రేపు ఆదివారమప్పా. నేను అంగడి తెరవకపోతే ఈ ఊర్లో సగం ఇండ్లల్లో పొయ్యి ముట్టియ్యరు. కూర కొట్టి, మద్యాన్నం మీ యెంబడి వస్తా. నా మాట నమ్ము."

వేరే ఊరి ఏజెంటైతే పిస్తోలు చూపించి కారెక్కించేవాడు. ఫ్రాన్సిస్ సీమలో పుట్టినవాడు. ఆదివారం కూర లేని ఇల్లు ఎలా ఉంటుందో ఎరిగినవాడు. చిన్నప్పుడు చర్చి నుంచి వస్తూ అంగడి ముందు సంచీ పట్టుకుని నిలబడ్డవాడు. సరేనన్నాడు. అది రెండో తప్పు. పాపం పెద్దాయన, రేపే వెళ్దాంలెండి అని లావణ్య కూడా వత్తాసు పలికి, ఫోను చెవికి పెట్టుకుని వీధిలోకి వెళ్లింది.

తెల్లవారుతుండగానే అంగడి ముందు జనం గుంపులు కట్టారు. సంచులు, స్టీలు డబ్బాలు, తోపులాట. నాకు బోటీ, నాకు తలకాయ అని కేకలు. ఫ్రాన్సిస్ అరుగు మీద కూర్చుని వీధి రెండు కొసలూ కనిపెడుతున్నాడు. ‘ఉచిత రక్త పరీక్షలు’ అని బ్యానరు కట్టిన తెల్లటి వ్యాను ఒకటి మెల్లగా వచ్చి ఆగింది. అందులోంచి తెల్లకోట్లు వేసుకున్న నలుగురు దిగారు. ఆదివారం పొద్దున్నే జనం మీదపడి రక్తపరీక్షలు చేసే గవర్నమెంటు ఈ దేశంలో లేదు. ఫ్రాన్సిస్ లేచి పిస్తోలు తీశాడు.

ముందున్నవాడు కోటు కిందనుంచి తుపాకీ లాగేలోపే ఫ్రాన్సిస్ కాల్చాడు. వాడి దవడ ఎగిరిపోయింది, గోడ నిండా నెత్తురు చిమ్మింది. జనం హాహాకారాలతో చెల్లాచెదురయ్యారు. రెండోవాడు మీద పడ్డాడు. ఫ్రాన్సిస్ వాడి చెయ్యి మెలిపెట్టి కూర కొట్టే మొద్దుకేసి బాదితే మోచెయ్యి వెనక్కి విరిగింది. మూడోవాడు గురి తప్పి కాలిస్తే సంచీతో పరిగెడుతున్న ఒక ముసలాయన తొడలో గుండు దిగింది. ఫ్రాన్సిస్ మళ్లీ గురిపెట్టాడు.

"పిస్తోలు కింద పడెయ్యండి ఫ్రాన్సిస్."

లావణ్య గొంతు. ఆమె పిస్తోలు గొట్టం మాబు సాహెబ్ చెవి కింద ఆనించి ఉంది. హమీదా వెనకనుంచి ఆమె జుట్టు పట్టుకోబోతే లావణ్య ఒక్క తన్నుతో ఆమెను గుమ్మం అవతల పడేసింది. ఇస్త్రీ చీర మడత కూడా నలగలేదు. ఫ్రాన్సిస్ పిస్తోలు వదిలేశాడు. వెంటనే తల వెనక దెబ్బ పడింది.

కళ్లు తెరిచేసరికి నోటి నిండా రాతిపొడి. అది ఊరి బయట విగ్రహాలు చెక్కే షెడ్డు. సగం చెక్కిన సింహం కాళ్లకి అతని వీపు ఆనించి, చేతులు వెనక్కి విరిచి నైలాన్ తాడుతో కట్టారు. వాచీ, బెల్టు, పిస్తోలు, ఫోను, డెస్క్ ఇచ్చిన గాడ్జెట్లన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో మూలన పడి ఉన్నాయి. పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మాబు సాహెబ్ నేల మీద చతికిలబడి ఉన్నాడు. విగ్రహాలెత్తే చైన్‌పుల్లీ గొలుసుకి ఆయన రెండు మణికట్లూ తల మీదుగా బిగించి కట్టారు. బయట జనరేటరు హోరెత్తుతోంది. విగ్రహాలు పెట్టే రాతిబల్ల మీద ప్లాస్టిక్ షీటు పరిచారు. దాని పక్కన పొగలు కక్కుతున్న లిక్విడ్ నైట్రోజన్ క్యాను ఒకటి ఉంది. కోసిన ప్లీహాన్ని గడ్డకట్టించి దేశం దాటించడానికి.

బ్రాండ్ట్ గ్లవ్స్ వేసుకుంటున్నాడు. ఆరడుగుల మనిషి, బట్టతల, పసిపాప నవ్వు. లావణ్య అతనికి స్కాల్పెల్స్ అందిస్తూ, ఫ్రాన్సిస్ వైపు చూసి, కాసింత జాలి కూడా నటించింది. ఏసయ్య పరీక్షించిన ఆ రబ్బరు పులిపిరి తానే పోత పోశానంది. పేరు కనిపెట్టి ఇచ్చినందుకు థాంక్స్ అంది.

"ఇద్దర్నీ ఇక్కడే వదిలేస్తామా?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు బ్రాండ్ట్.

"రాయి కోసే మిషన్లున్నాయి. ముక్కలు చేసి గుట్టల్లోకి పంపేద్దాం," అందామె.

ఫ్రాన్సిస్‌కి చావంటే భయం లేదని ఫైల్లో రాసి ఉంటుంది. అబద్ధం. అప్పుడు అతనికి భయమేసింది. తన వల్ల, తన నోటి తొందర వల్ల, ఈ మనిషి గొర్రెలా కోయబడబోతున్నాడు. ఈయనతోపాటు తన తల్లిలాంటి ఎందరో ఆడవాళ్ల మందు కూడా ఆ క్యానులో గడ్డకట్టుకుపోతుంది. క్షమించు మాబన్నా అన్నాడు.

మాబు సాహెబ్ ఆ మాట వినిపించుకోలేదు. ఆయన చూపు నేల మీద ఉంది. అంగట్లో ఆయన చేతిలోంచి లాక్కున్న కత్తిని దుండగులు షెడ్డు దాకా తెచ్చి, అడ్డమైన సామానుతో కలిపి అక్కడే విసిరేశారు. చేతులు కట్టేశాం, ఇంక కసాయి ఏం చేస్తాడనుకున్నారు. లావణ్యకి కూర ప్యాకెట్లో ఇంటికొస్తుంది. ఆమె జన్మలో మాంసం అంగట్లో నిలబడలేదు. నిలబడి ఉంటే ఒక సంగతి తెలిసేది. ఈ ప్రాంతంలో కసాయి సన్నముక్క కోసేటప్పుడు కత్తిని చేత్తో పట్టుకోడు. కూర్చుని, కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య కత్తి పిడిని బిగించి, అంచుని నిలువుగా నిలబెడతాడు. రెండు చేతులతో మాంసాన్ని దాని మీదికి లాగుతాడు. కత్తి కదలదు, కూర కదులుతుంది.

మాబు సాహెబ్ కుడికాలు మెల్లగా జారింది. వేళ్లు పిడిని వెతికి పట్టుకున్నాయి. మడమ నేలకి ఆనించి, కత్తిని సింహం కాళ్ల సందున, ఫ్రాన్సిస్ వీపు వెనక నిలువుగా నిలబెట్టాడు. జనరేటరు హోరులో ఆయన పెదాలు కదిలాయి.

"నువ్వు కూర అనుకో. నేను కత్తి కదపను. నువ్వే జరగల్ల."

ఫ్రాన్సిస్ జరిగాడు. తాడుతోపాటు తోలూ తెగింది. అరచేతుల్లోకి వేడిగా నెత్తురు దిగుతోంది. పళ్లు కొరుక్కుని ఇంకా లాగాడు. అటు బ్రాండ్ట్ వచ్చి మాబు సాహెబ్ చొక్కా చించి, ఎడమ డొక్క మీద అయోడిన్ పూశాడు. మత్తుమందు కూడా ఇవ్వలేదు, దండగనుకున్నాడేమో. బల్ల మీదికి ఎత్తకముందే, కోత గుర్తుగా స్కాల్పెల్ మొన చర్మంలో దిగి సన్నటి ఎర్రగీత పడింది. మాబు సాహెబ్ అరిచాడు గానీ కాలు మాత్రం కదపలేదు.

తాడు తెగింది. ఫ్రాన్సిస్ కూర్చున్న చోటునుంచే దూకి బల్ల పక్కనున్న నైట్రోజన్ క్యాను ఎత్తి బ్రాండ్ట్ మొహాన కుమ్మరించాడు. పొగలో పొలికేక లేచి సగంలో ఆగిపోయింది. బ్రాండ్ట్ కళ్లు తెల్లగా గడ్డకట్టాయి. గుడ్డిగా వెనక్కి తూలి రాతిబల్ల అంచుకి తల కొట్టుకుని పడ్డాడు, మళ్లీ లేవలేదు. కాపలా ఉన్న తెల్లకోట్లవాళ్లిద్దరూ తుపాకులెత్తారు. ఫ్రాన్సిస్ నేలన దొర్లి శిల్పుల సుత్తి అందుకుని ఒకడి మోకాలు పగలగొట్టాడు, పడుతున్నవాడి కణత మీద రెండో దెబ్బ వేశాడు. వాడి తుపాకీతోనే ఇంకొకణ్ణి గుండెలో కాల్చాడు. మోచెయ్యి విరిగినవాడు తలుపు దగ్గరే మోకాళ్ల మీద కూలబడి ఏడుపు లంకించుకున్నాడు.

మిగిలింది లావణ్య. ఆమె ఫ్రాన్సిస్‌ని పట్టించుకోలేదు. పిస్తోలు మాబు సాహెబ్ నుదుటికి గురిపెట్టింది. మనిషి తమకి దక్కకపోతే ఎవరికీ దక్కకూడదు, ఆర్కిడ్ ఆర్డరు అదే. ఫ్రాన్సిస్ తుపాకీ ఎత్తి నొక్కాడు. టక్కుమంది, గుండు లేదు. లావణ్య వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. ఆ క్షణాన మాబు సాహెబ్ గొలుసు పట్టుకుని ఒంటిని పైకెత్తి కాలు విసిరాడు. వేళ్ల మధ్య కత్తి ఆమె మణికట్టుని అడ్డంగా కోసింది. గుండు షెడ్డు రేకులో దూరింది. పిస్తోలు కింద పడింది, దాని మీద నెత్తురు ధారగా పడింది. ఫ్రాన్సిస్ ఆమె చీర చెంగు చింపి ఆ చేతికే గట్టిగా కట్టాడు. చావనివ్వడానికి లేదు, చెప్పవలసిన కబుర్లు చాలా ఉన్నాయి.

ఫ్రాన్సిస్ వాచీలోంచి కబురు పంపితే నంద్యాల నుంచి డెస్క్ డాక్టర్లు, దారిలో హమీదాని కూడా ఎక్కించుకుని, వచ్చారు. మాబు సాహెబ్ డొక్కకి కుట్లు వేశారు. ఆ పక్కనే సీసాలతో, సూదులతో ఇంకో డాక్టరమ్మ సిద్ధంగా నిలబడింది. ఈ పూట వద్దులే, చాలా నెత్తురు పోయిందన్నాడు ఫ్రాన్సిస్. నిన్న చెప్పింది సగమే అర్థమైంది, ఇంత గొడవ యాల జరిగిందో నిదానంగా చెప్పమన్నాడు మాబు సాహెబ్. ఫ్రాన్సిస్ తన తల్లి సంగతి చెప్పాడు. దుప్పటి నోట్లో కుక్కుకునేదని కూడా చెప్పాడు. పక్కన హమీదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాబు సాహెబ్ భార్య మొహం చూశాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి డాక్టరమ్మ ముందు చాపాడు.

"రోంతే తీసుకోమ్మా ఈ పొద్దు. మళ్లా వారం రా. ఎన్నిసార్లన్నా రా. ఆడోళ్లు అట్ల చావగూడదు."

ఫ్రాన్సిస్ షెడ్డు బయటికి వచ్చి కళ్లు తుడుచుకున్నాడు. ప్లాస్టిక్ కవర్లోంచి ఫోను తీసి చీఫ్‌కి రిపోర్టు ఇచ్చాడు. బ్రాండ్ట్ చచ్చాడు, లావణ్య దొరికింది, మనిషి క్షేమం, శాంపిల్ తీశారు. రామయ్య జీవితంలో మొదటిసారి శభాష్ అన్నాడు.

"సార్, అర్జెంటుగా బ్యాకప్ కావాలి," అన్నాడు ఫ్రాన్సిస్.

"ఎందుకు? ముఠా ఇంకా మిగిలుందా?"

గేటు అవతల మోటారు సైకిళ్లు వరసగా ఆగుతున్నాయి. వ్యాను జాడ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. చేతుల్లో సంచులు, స్టీలు డబ్బాలు. ముందున్న ఆమె డబ్బా మూతతో గేటు బాదుతూ, మాబు సాహెబ్‌ని యాడ పెట్టినారు, ఎప్పుడు పంపిస్తారు అని నిలదీస్తోంది. వెనకున్నవాళ్లు చొక్కా చేతులు మడుస్తున్నారు.

"ముఠా కాదు సార్," అన్నాడు ఫ్రాన్సిస్. "ఇంత పొద్దెక్కినా ఆదివారం కూర దొరకని ఆళ్లగడ్డ జనం."